పాలు బహువచనం, పెరుగు ఏకవచనం

ఇంగ్లీషు చెప్పిన మాస్టారి పేరిట జరిగే ఉపన్యాసం కనుక ఇంగ్లీషు వ్యాకరణంలోంచే ఒక పేచీ ఎత్తుకుంటాను.

ఫర్నిచర్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, లగేజ్ - వీటి చివర 'ఎస్' తగిలించి ఎర్రసిరా గీత పడని తెలుగు విద్యార్థి అరుదు. లెక్కపెట్టగలిగితే కౌంటబుల్, లేకపోతే అన్‌కౌంటబుల్ అని బడిలో చెప్పేస్తాం. నా ఫిర్యాదల్లా ఆ నిర్వచనం మీదే. కుర్చీలు, బల్లలు, మంచాలు వేళ్ళమీద లెక్కకొస్తాయి కదా. అన్నీ కలిపి ఫర్నిచర్ అనగానే లెక్క ఎందుకు ఆగిపోవాలి?

ఆ లెక్క వస్తువులో లేదు, భాష దాన్ని చూసే తీరులో ఉంది. డెన్మార్క్ పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1924 నాటి 'ది ఫిలాసఫీ ఆఫ్ గ్రామర్'లో లెక్కకొచ్చే మాటల్నీ, రాశిని చెప్పే మాటల్నీ విడదీసి చూపాడు. ఇంగ్లీషులో 'వీట్' ఏకవచనం, 'ఓట్స్' బహువచనం. గింజల్లో అంత తేడా ఏముందని? బఠాణీ కథ మరీ తమాషా. పూర్వం 'పీజ్' ఏకవచనమే. చివరి 'జ్'ని బహువచన ప్రత్యయం అనుకుని, దాన్ని కత్తిరించి, పదిహేడో శతాబ్దంలో 'పీ' అనే ఒంటి గింజను పుట్టించుకున్నారు.

మన వంటింట్లో మాత్రం? పాలు కాగాయి, పొంగాయి, విరిగాయి. అవే పాలు తోడుపెడితే పెరుగు తోడుకుంది, చిలికితే వెన్న తేలింది, మిగిలిన మజ్జిగ పులిసింది. పాలచుక్కల్ని ఎవరూ లెక్కపెట్టలేదు. పాలు లాంటి మాటలకు నిత్యబహువచనాలని పేరుపెట్టి ఊరుకున్నాం. 'మిల్క్ ఆర్' అని రాసిన పిల్లవాడు తెలుగు వ్యాకరణం తు.చ. తప్పకుండా పాటించాడన్నమాట. (మార్కు వెయ్యమనడం లేదు, మొట్టికాయ వద్దంటున్నాను.)

తత్త్వవేత్త డేవిడ్ లూయిస్ ఒక 'యూనివర్సల్ గ్రైండర్'ను ఊహించాడు. 1975లో మరో తత్త్వవేత్త పెల్టియర్ దాన్ని తన వ్యాసంలోకి తెచ్చాడు. లెక్కకొచ్చే దేన్ని వేసినా రాశిగా బయటికొస్తుంది. 'ఎ చికెన్' పెరట్లో తిరిగే కోడి, 'ఎ' తీసేస్తే కంచంలో కూర. 'ఐ ఏట్ ఎ చికెన్' అంటే కోడినంతా ఒక్కడే లాగించాడని అర్థం. ఎదురుదారీ ఉంది: హోటల్లో 'టూ కాఫీస్' అంటే రెండు కప్పులు. మనవాళ్ళు 'రెండు కాఫీ' అని కేకేస్తే సర్వరుకు చాలు.

అందుకే బడిలో కౌంటబుల్, అన్‌కౌంటబుల్ జాబితాలు బట్టీ పట్టించడం మాని, 'ఎ' ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి అని జంట వాక్యాలు రాయించమంటాను. అసలు ఇంగ్లీషువాళ్ళకే ఈ లెక్క విషయంలో స్థిమితం లేదు. లెక్కకొచ్చేవాటికి 'లెస్' కన్నా 'ఫ్యూయర్' మేలని 1770లో రాబర్ట్ బేకర్ అనే ఆయన తన అభిరుచిగా రాశాడు. తరవాతివాళ్ళు దాన్ని శాసనం చేశారు. బ్రిటన్ దుకాణాల్లో '10 ఐటమ్స్ ఆర్ లెస్' అన్న బోర్డుల మీద ఏళ్ళ తరబడి సణిగారు. 2008లో టెస్కో సూపర్‌మార్కెట్ ఆ రెండు మాటల జోలికీ పోకుండా 'అప్ టు 10 ఐటమ్స్' అని మార్చుకుంది.