పంచాయతీ కంప్యూటరు పరికరములు: లోపములు, నివారణోపాయములు

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



నేడు నేను ప్రసంగింపవలసిన విషయము పైకి చిన్నదిగా తోచవచ్చును. పంచాయతీ కార్యాలయములోని పాత కంప్యూటరునకు తగిలించిన కీబోర్డు, మౌస్, ప్రింటరు, వేలిముద్ర యంత్రము మొదలైనవి మొరాయించినపుడు ఏమి చేయవలయునన్నదే ఆ విషయము. ఇది మెకానిక్కు పని గదా, ప్రజలచే ఎన్నుకొనబడిన మాకేల యని మీరు అడుగవచ్చును. అందులకు సమాధానము మొదటనే చెప్పెదను.

2020 ఏప్రిల్ 24వ తేదీన కేంద్ర ప్రభుత్వము ఈ-గ్రామస్వరాజ్ అను ఏర్పాటును ప్రారంభించినది. పంచాయతీ ప్రణాళిక, జమాఖర్చులు, చెల్లింపులు అందులో నమోదు కావలసియున్నవి. 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము జననమును గాని మరణమును గాని 21 దినములలోపల తెలియజేయవలయును. ఈ పనులన్నియు నేడు కంప్యూటరు ముందు కూర్చుండియే జరుగుచున్నవి. అట్టి స్థితిలో ఒక దినపు కూలి మానుకొని ధ్రువపత్రమునకై వచ్చిన మనిషితో ‘ప్రింటరు పని చేయుట లేదు, రేపు రమ్ము’ అనుట యనగా, ఆ దినపు కూలి డబ్బును ఆయన చేతినుండి తీసికొనుటయే. మరునాడు మరల అదే మాట చెప్పినచో రెండవ దినపు కూలియు పోవును. కావున తీగ వదులైనంత మాత్రమున గ్రామస్థునికి నష్టము కలుగకుండ చూచుట మన బాధ్యత. నిజముగా చెడని యంత్రమును చెడినదని పారవేసి, పంచాయతీ నిధులతో క్రొత్తది కొనకుండ చూచుటయు మన బాధ్యతయే.

బోరు మోటారు నేర్పిన పాఠము

బోరు మోటారు నీరు పోయనపుడు మీరేమి చేయుదురు? వెంటనే మోటారును పైకి లాగుదురా? లాగరు. ముందు కరెంటు వచ్చుచున్నదా, మూడు ఫేజులు ఉన్నవా యని చూతురు. పిదప ఫ్యూజులు, స్టార్టరు, తీగలు చూతురు. అన్నియు చూచి, కట్టకడపటనే మోటారును పైకి తీయింతురు. ఏలయన అది ఖర్చుతోను శ్రమతోను కూడిన పని. కంప్యూటరు విషయమునను క్రమము ఇదియే. వెలుపలినుండి లోపలికి, ఖర్చు లేనిదానినుండి ఖర్చు గలదానికి పోవలయును.

ఇంకొక నియమము కూడ కలదు. ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయవలయును. తీగ, పోర్టు, ప్రింటరు మూడింటిని ఒక్కసారిగా మార్చినచో పరికరము పని చేసినను, లోపము దేనియందున్నదో తెలియదు. తీగ ఒక్కటి మార్చి చూచి ఫలితము లేనిచో పాత తీగనే మరల తగిలించి, తరువాత పోర్టు మార్చవలయును. అనుమానము కలిగిన మౌస్‌ను మరియొక కంప్యూటరునకు తగిలించి చూచినచో లోపము మౌస్‌దో కంప్యూటరుదో క్షణములో తేలిపోవును.

పాత పోర్టులు, క్రొత్త పోర్టులు

సామాన్యముగా సీపీయూ అని పిలువబడు పెట్టె వెనుకవైపున రంగురంగుల పోర్టులు కనబడును. ఆ రంగులు అలంకారమునకు కావు, గుర్తునకు. గుండ్రని ఊదారంగు పోర్టు కీబోర్డుది, ఆకుపచ్చది మౌస్‌ది. వీనిని పీఎస్2 పోర్టులందురు. ఐబీఎం సంస్థ 1987లో తన కంప్యూటర్లలో వీనిని ప్రవేశపెట్టినది. రెండును ఒకే ఆకారము గలవి గావున తొందరలో ఒకదానిలో మరియొకటి పెట్టుట జరుగును. అపుడు రెండును పని చేయవు.

ఈ గుండ్రని పోర్టుల విషయమున ఒక హెచ్చరిక. కంప్యూటరు నడుచుచుండగా వీనిని పీకుట గాని పెట్టుట గాని చేయరాదు. యంత్రము ఆరంభమగునపుడు మాత్రమే అది వీనిని గుర్తించును. కావున నడుచునపుడు పెట్టినచో సాధారణముగా పని చేయదు. పైగా లోపలి బోర్డునకు హాని కలుగవచ్చును. కంప్యూటరును సక్రమముగా ఆపి, ప్లగ్గులోని పిన్నులు వంగలేదని చూచి, గుర్తు సరిపోల్చి పెట్టి, తిరిగి ఆరంభింపవలయును. తిప్పి బలవంతముగా నొక్కుటచేతనే పిన్నులు వంగును.

మానిటరునకు పోవు నీలిరంగు పోర్టునకు 15 రంధ్రములు, మూడు వరుసలుండును. దీనిని వీజీఏ అందురు. తెరపైన బొమ్మ పసుపుపచ్చగా కనబడినచో నీలిరంగు సంకేతము అందుట లేదని, గులాబి వన్నెగా కనబడినచో ఆకుపచ్చ సంకేతము అందుట లేదని తెలిసికొనవలయును. మానిటరు చెడినదని భావింపక, ముందు తీగ ప్లగ్గును సరిచేసి రెండు మరలను బిగింపుడు. ఈ తీగలలో పెక్కింటికి తొమ్మిదవ పిన్ను తయారీలోనే ఉండదు. అది విరిగినదని భ్రమపడరాదు. ‘నో సిగ్నల్’ అని తెరపై కనబడినచో, పెట్టె వెనుక వీజీఏ పోర్టులు రెండున్నవేమో చూడుడు. ప్రత్యేకమైన గ్రాఫిక్సు కార్డు గల యంత్రములో తీగను ఆ కార్డు పోర్టునకే తగిలింపవలయును.

పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లను తగిలించుటకు కంప్యూటరు పెట్టెకు 25 రంధ్రముల వెడల్పైన పోర్టు ఉండును. దీనిని ప్యారలల్ పోర్టు అందురు. ఈ పోర్టు లేని క్రొత్త కంప్యూటరునకు పాత ప్రింటరును తగిలించుటకు మార్పిడి తీగలు దొరకును. అయితే ప్యారలల్ పోర్టునకే నేరుగా ముద్రణ పంపు పాత డాస్ ప్రోగ్రాములు ఆ తీగద్వారా పని చేయకపోవచ్చును. కొనుటకు ముందే ఈ సంగతి విచారించుకొనవలయును.

1996లో యూఎస్‌బీ వచ్చినది. దీని రూపకల్పనలో ముఖ్యుడు మన బరోడా విశ్వవిద్యాలయమున చదివి ఇంటెల్ సంస్థలో పనిచేసిన అజయ్ భట్. కంప్యూటరు నడుచుచుండగనే పెట్టుటకు, తీయుటకు వీలుగా ఇది ఏర్పడినది. 2000 సంవత్సరమున వచ్చిన రెండవ తరపు యూఎస్‌బీ పోర్టు 5 వోల్టుల వద్ద 500 మిల్లీ ఆంపియర్లవరకు కరెంటు ఈయగలదు. అంతకు మించి అడుగరాదు. కరెంటు ప్లగ్గు లేని చిన్న హబ్బు నొకదానిని పెట్టి, దానికే వేలిముద్ర యంత్రము, కెమెరా, పెన్ డ్రైవు అన్నియు తగిలించినచో ఉన్న కరెంటు అందరికి చాలదు. ఒక కుళాయికి నాలుగు గొట్టములు తగిలించినట్లగును. అట్టి యెడల పరికరము ఒకమారు కనబడి మరియొకమారు మాయమగుచుండును. దానిని వెనుకవైపు పోర్టునకు నేరుగా తగిలింపుడు. వెనుక పోర్టులు ముఖ్యమైన బోర్డునకే అమర్చియుండును. ముందువైపు పోర్టులు లోపలి సన్నని తీగలద్వారా కలుపబడియుండుటచేత, కాలము గడచినకొలది వదులగుట కలదు. తీగ పొడవు 5 మీటర్లు మించరాదు.

మూడు లక్షణములు

వైద్యుడు నాడి చూచినట్లు, విండోస్ కంప్యూటరులో చూడవలసిన చోటు ఒకటి కలదు. దాని పేరు డివైస్ మేనేజర్. పరికరమును తగిలించి అచ్చట చూచినచో మూడింటిలో ఒక లక్షణము కనబడును.

మొదటిది: పరికరము పేరే కనబడకుండుట. అపుడు లోపము కరెంటులోనో, తీగలోనో, పోర్టులోనో, పరికరములోనో ఉన్నది. సాఫ్ట్‌వేరు జోలికి పోవలసిన పని లేదు.

రెండవది: పేరు కనబడి, ప్రక్కన పసుపుపచ్చని గుర్తు ఉండుట. అనగా సాధారణముగా తీగ బాగుగనే యుండి, డ్రైవరు లోపించియుండును. డ్రైవరనగా కంప్యూటరు భాషను పరికరమునకు, పరికరము భాషను కంప్యూటరునకు తెలుపు దుబాసి వంటిది. విండోస్ మార్చినపుడు పాత దుబాసి క్రొత్త ప్రభువు భాష ఎరుగకపోవచ్చును. విండోస్ 7నకు తయారీ సంస్థ ఇచ్చు మద్దతు 2020 జనవరి 14తోను, విండోస్ 10నకు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తోను ముగిసినవి. ఈ కారణమున విండోస్ మార్చవలసివచ్చినపుడు, మన ప్రింటరునకు, వేలిముద్ర యంత్రమునకు క్రొత్త డ్రైవరు కలదా యని ముందే విచారింపవలయును. డ్రైవరును పరికరము తయారుచేసిన సంస్థవారి నుండియే తీసికొనవలయును గాని, దారిన దొరికినదానిని ఎక్కింపరాదు.

మూడవది: పేరు సక్రమముగా కనబడినను పని జరుగకుండుట. అపుడు లోపము ప్రోగ్రాములోనో, అమరికలోనో ఉన్నది. ఆధార్ వేలిముద్ర యంత్రమునకు డ్రైవరుతోపాటు ఆర్‌డీ సర్వీసు అను ప్రోగ్రాము కూడ నడువవలయును. అది ఆగినచో యంత్రపు దీపము వెలిగినను వేలిముద్ర చేరదు.

ప్రింటరు సంగతి

ఎక్కువ ఫిర్యాదులు వచ్చునది ప్రింటరుమీదనే. ముందు ప్రింటరును కంప్యూటరుతో సంబంధము లేకుండ పరీక్షింపుడు. అనేక ప్రింటర్లలో ఒక మీట నొక్కి పరీక్షా పత్రమును ముద్రించు సౌకర్యము కలదు. ఆ పత్రము చక్కగా వచ్చినచో ప్రింటరు ఆరోగ్యముగనే యున్నది. పిదప ముద్రణ వరుసను చూడవలయును. ఆగిపోయిన పత్రమొకటి వరుసలో ముందున్నచో వెనుకనున్నవన్నియు నిలిచిపోవును. ఇరుకు వంతెనపై బండి నిలిచినట్లగును. దానిని రద్దు చేసి, అవసరమైనచో కంప్యూటరును తిరిగి ఆరంభింపవలయును.

ఇంకొక చిత్రము కలదు. ప్రింటరు యూఎస్‌బీ తీగను ఒక పోర్టునుండి మరియొక పోర్టునకు మార్చినపుడు, విండోస్ ఒక్కొక్కమారు దానిని క్రొత్త ప్రింటరుగా భావించి అదే పేరున ‘కాపీ 1’ అని చేర్చును. మనము పాత పేరునకే పంపుచుందుము. అది ‘ఆఫ్‌లైన్’ అని చూపుచుండును. తీగను మొదటి పోర్టునకే మార్చినను, క్రొత్త పేరును ముఖ్య ప్రింటరుగా నియమించినను సరిపోవును. ఈ చిన్న సంగతి తెలియకపోవుటచేతనే బాగున్న ప్రింటర్లు మరమ్మతునకు పోవుచుండును.

డిజిటల్ సంతకపు టోకెను

పంచాయతీ సొమ్ము చెల్లింపునకు అధికారము గలవారు డిజిటల్ సంతకము చేయవలయును. ఆ సంతకపు రహస్య సంకేతము చిన్న యూఎస్‌బీ టోకెనులో ఉండును. అది గుర్తింపబడనిచో ముందు పోర్టును, తరువాత డ్రైవరును, ఆ పిమ్మట కంప్యూటరు తేదీని చూడవలయును. తేదీ తప్పినచో సంతకము చెల్లకపోవచ్చును. ఆపి ఆరంభించిన ప్రతిసారి తేదీ వెనుకకు పోవుచున్నచో లోపలి బోర్డుపైనున్న నాణెము వంటి బ్యాటరీ అయిపోయినదని అర్థము. పెక్కు యంత్రములలో ఉండునది సీఆర్2032 అనునది. దాని వెల స్వల్పము.

ఇచ్చట మిక్కిలి జాగ్రత్త వహింపవలయును. టోకెను పని చేయుట లేదని ‘ఇనిషియలైజ్’ అను మీటను నొక్కినచో అందులోని సంతకము తుడిచిపెట్టుకొని పోవును. మరల క్రొత్తది పొందువరకు చెల్లింపులు నిలిచిపోవును. తప్పుడు పిన్ను మాటిమాటికి కొట్టినచో టోకెను తాళము పడును. బాగుచేయించు నెపముతో టోకెనును, పిన్నును ఒకరి చేతిలో పెట్టుట అన్నిటికంటె ప్రమాదకరము. అది సంతకము చేసిన ఖాళీ చెక్కును ఇచ్చుటతో సమానము. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము ఆ రహస్య సంకేతమును తన అదుపులో ఉంచుకొనవలసిన బాధ్యత సంతకదారునిదే. మహిళా సర్పంచుల టోకెన్లు వారి చేతిలోనే ఉండవలయును గాని, బంధువుల జేబులలో కాదు.

ఎర్త్ లేని చోట

కంప్యూటరు పెట్టెను తాకినపుడు చేయి జిల్లుమనుట అనేకచోట్ల కలదు. ఇది ఎర్త్ లేదనుటకు సూచన. ఎర్త్ లేనిచో పెట్టె లోహపు భాగమున, సరఫరా వోల్టేజిలో సగమువరకు చేరవచ్చును. అట్టి స్థితిలో వీజీఏ, ప్యారలల్ తీగలను నడుచుచుండగా తగిలించినచో పోర్టు కాలిపోవచ్చును. మూడు పిన్నుల ప్లగ్గులోని లావుపాటి పిన్నును తీసివేసి వాడరాదు. ఎర్త్ గొయ్యి త్రవ్వించి, ఎలక్ట్రీషియనుచే పరీక్ష చేయించి, వేసవిలో నీరు పోయించుచుండవలయును. లేజరు ప్రింటరును యూపీఎస్ బ్యాటరీ ప్లగ్గునకు తగిలింపరాదు. కాగితముపై పొడిని కాల్చి అతికించునపుడు అది లాగు అధిక కరెంటునకు చిన్న యూపీఎస్ తట్టుకొనలేదు.

పంచాయతీ చేయవలసినవి

1. ప్రతి తీగకు రెండు కొసలయందు పేరు వ్రాసిన చీటి అంటింపవలయును.

2. యూఎస్‌బీ ప్రింటరు తీగ, వీజీఏ తీగ, కీబోర్డు, మౌస్ ఒక్కొక్కటి అదనముగా బీరువాలో ఉంచవలయును. తీగ మార్చి చూచు పరీక్షకు ఇవియే సాధనములు.

3. మరమ్మతుల పుస్తకమొకటి తెరచి, లోపము, తేదీ, చేసిన పరీక్షలు, అయిన ఖర్చు వ్రాయవలయును. క్రొత్త యంత్రము కొనుటకు తీర్మానము వచ్చినపుడు సభ్యులు ముందుగా ఈ పుస్తకమును చూపుమని అడుగవలయును.

4. తీగలను నేలపై వదలక గోడకు బిగించి, ఎలుకలు చేరకుండ చూడవలయును.

5. యంత్రమును మరమ్మతునకు పంపుటకు ముందు దస్త్రముల ప్రతిని వేరుగా భద్రపరుపవలయును.

6. యంత్రము ఆగిన దినమున వచ్చినవారి దరఖాస్తులను చేతితో వ్రాసి తీసికొని, రసీదు ఈయవలయును. యంత్రము ఆగినంతమాత్రాన ప్రజల పని ఆగరాదు.

సోదరీ సోదరులారా! మీలో ప్రతి ఒక్కరును మెకానిక్కు కావలయునని నేను కోరుట లేదు. ‘చెడిపోయినది’ అను మాట వినబడినపుడు, ‘ఏమి చూచితిరి, ఏ తీగ మార్చి చూచితిరి?’ అని ప్రశ్నించు పాటి తెలివిడి ప్రతి సభ్యునకు ఉండవలయును. ఆ ఒక్క ప్రశ్న అడుగు పంచాయతీలో నిధులు వృథా కావు, గడప తొక్కిన మనిషి రిక్తహస్తములతో తిరిగిపోడు. మీ మీ గ్రామములకు చేరిన పిదప తొలి సమావేశముననే పైన చెప్పిన ఆరు అంశములను చర్చించి తీర్మానింపవలయునని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.