బకెట్లో దాచిన బీన్స్ డబ్బా

ఉపగ్రహాల సాయంతో పెద్దవాళ్లు ఆడుకునే దాగుడుమూతల ఆట ఒకటి ఉంది. దాని పేరు జియోక్యాచింగ్.

2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం ఒక పని చేసింది. మామూలు జనం వాడే జీపీఎస్ సంకేతాల్లో అంతవరకూ కావాలని పెట్టిన తేడాను తీసేసింది. అంతే, పరికరాలు ఒక్కసారిగా చాలా కచ్చితంగా చోటు చూపించసాగాయి. వెంటనే, మే 3న, డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ రాష్ట్రంలోని బీవర్‌క్రీక్ దగ్గర ఒక నల్ల బకెట్‌ను సగం దాకా పాతిపెట్టి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్‌లో పెట్టాడు. అందులో పుస్తకాలు, ఒక ఉండేలు, ఒక బీన్స్ డబ్బా ఉన్నాయి. కనిపెట్టినవాళ్లు ఏదైనా తీసుకోవచ్చు, బదులుగా ఏదైనా పెట్టాలి, అందులోని చిట్టా పుస్తకంలో పేరు రాయాలి. మూడు రోజుల్లోపే ఇద్దరు కనిపెట్టేశారు.

ఆ బీన్స్ డబ్బాకు తర్వాత పట్టిన యోగం చూడండి! ఆటగాళ్లు దాన్ని ఉత్సవ విగ్రహంలా సమావేశాలకు తిప్పుతున్నారు. తమాషా ఏమిటంటే, పాతిపెట్టిన ఆ బకెట్‌తో మొదలైన ఈ ఆటలో, స్థలం యజమాని ఒప్పుకోకుండా నేల తవ్వి దాచడం ఇప్పుడు నియమ విరుద్ధం.

నేటి డబ్బాలు కొన్ని వేలి కొసంత ఉంటాయి. లోపల చుట్టచుట్టిన కాగితం ముక్క, వెనక అయస్కాంతం. పార్కు బెంచీ కిందో, ఇనప కమ్మీకో అతుక్కుని ఉంటాయి. వెతికేవాళ్లు చెప్పులు సరిచేసుకుంటున్నట్టు నటిస్తూ తడుముతారు. ఆట తెలియని దారినపోయేవాళ్లను హ్యారీ పాటర్ కథల్లోలా 'మగుల్స్' అంటారు. వాళ్ల కంట పడకూడదు.

ఈ ఆట అంతరిక్షానికీ ఎక్కింది. 2008లో అంతరిక్ష యాత్రికుడు రిచర్డ్ గారియట్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రాన్నే దాపరికం చోటుగా నమోదు చేశాడు. 2013లో వ్యోమగామి రిక్ మాస్ట్రాక్కియో అక్కడికి వెళ్లి, కనిపెట్టినట్టు రాసుకున్నాడు.