పెట్రోలు బండ్లకు విద్యుత్తు బదులు కాగలదా?
(తగరపువలసలో గావించిన ఉపన్యాస పాఠము)



పెట్రోలు బండ్లు పోయి విద్యుద్వాహనములు వచ్చునా యనునది ఈ సభకు నిర్ణయమైన విషయము. ఇది ధనికుల విలాసములకు సంబంధించిన ముచ్చట యని తలపవలదు. విశాఖపట్టణమునకును విజయనగరమునకును నడుమ, జాతీయ రహదారిపై నున్న ఈ తగరపువలసలో ఆటో తోలి సంసారము నీడ్చుకొని వచ్చువారెందరో కలరు. పెట్రోలు ధర యొక రూపాయి హెచ్చిన, ఆ రూపాయి వారి బిడ్డల కంచములలో తగ్గును. కావున ఇది కూటి ప్రశ్న. అంతకు మించి స్వాతంత్ర్యపు ప్రశ్న.

మన దేశమునకు కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా పరదేశముల నుండి వచ్చుచున్నది. 1973లో పశ్చిమాసియాలో యుద్ధము చెలరేగగా, కొన్ని నెలలలోనే చమురు వెల నాలుగింతలయ్యెను. 2022లో ఉక్రెయినులో యుద్ధము రాగా బారెలు వెల నూరు డాలర్లు దాటెను. ఆ యుద్ధములను మనము కోరలేదు, నడపలేదు. కప్పము మాత్రము చెల్లించితిమి. చమురు శుద్ధి చేయుట మన చేతిలోనికి వచ్చినది గాని, చమురు రాలేదు. 1957లో కాల్టెక్సు కంపెనీ విశాఖలో నెలకొల్పిన కర్మాగారము 1976లో ప్రభుత్వపరమై, 1978లో హిందుస్థాన్ పెట్రోలియములో కలిసెను. అక్కడనే 1997 సెప్టెంబరు 14వ తేదీన గ్యాసు మండి 60 మందికి పైగా ఆహుతియైరి. బంకులో మనము చెల్లించు వెలలో ఆ ప్రాణముల వెల ఏనాడును చేరలేదు.

పెట్రోలునకు బదులు వెదకుట మనకు క్రొత్త కాదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున పెట్రోలు కరవైనప్పుడు, మన బస్సులు వెనుక బొగ్గుకుంపటి తగిలించుకొని, ఆ గ్యాసుతో ఊళ్లు తిరిగినవి. యుద్ధము ముగిసినది, పెట్రోలు వచ్చినది, కుంపట్లు పాత ఇనుములో కలిసినవి. గత్యంతరము లేక పట్టిన మార్గము గతి దొరకిన నాడు విడువబడును. విద్యుద్వాహనము నిలువవలెనన్న, పెట్రోలు చవుకగా దొరకు దినమున గూడ అది మేలైనదిగా నుండవలెను.

అట్లు నిలిచిన మేలు ఒకటి మన యెదుటనే కలదు. బైలదిల్లా ఇనుపరాతిని అనంతగిరి కొండల మీదుగా విశాఖ రేవునకు దించు కిరండూలు రైలుమార్గము 1980ల తొలి సంవత్సరములలోనే విద్యుద్దీకరింపబడినది. డీజిలు చేయు పనిని విద్యుత్తు చేయగలదా యని ఆ మార్గమున నేడెవ్వరును అడుగరు. పట్టాలపై తీగ వెంట వచ్చును గనుక బ్యాటరీ అక్కరలేదు. చిక్కంతయు తీగ వెంట రాలేని బండిదే. ఒక కిలో పెట్రోలులో నిమిడియున్న శక్తి సుమారు 12 యూనిట్లు. ఒక కిలో బ్యాటరీ దాచునది ఒక యూనిటులో నాలుగవ వంతు గూడ కష్టమే. అందుచే దూరప్రయాణపు బరువు లారీకి బ్యాటరీయే పెద్ద బరువగును. ఆ సరకును రైలు కెక్కించుటయే మేలు. ఊరిలో తిరుగు ఆటోకు, స్కూటరుకు, సిటీ బస్సునకు మాత్రము ఈ అడ్డు లేదు. ఎనిమిది పది యూనిట్లు పట్టు బ్యాటరీతో ఆటో ఒక దినమున నూరు కిలోమీటర్లకు పైగా నడువగలదు.

అయితే ఆ యూనిట్లెక్కడివి? దేశములో పుట్టు విద్యుత్తులో నాలుగింట మూడుపాళ్లకు దరిదాపుగా బొగ్గునుండియే వచ్చుచున్నది. మన పరవాడలోని సింహాద్రి కేంద్రము 2000 మెగావాట్లది. ఒడిశాలోని తాల్చేరు బొగ్గును కాల్చుచున్నది. లెక్క నిజాయితీగా చూతము. పెట్రోలు ఇంజనులో పోసిన శక్తిలో చక్రమును త్రిప్పునది సుమారు నాలుగవ వంతు. తక్కినది వేడియై పోవును. బొగ్గులో నూరుపాళ్ల శక్తి యున్న, విద్యుత్తగునది 35 మొదలు 40 పాళ్లు. తీగలలోను బ్యాటరీలోను కొంత పోగా చక్రమునకు చేరునది అదియు నాలుగవ వంతే. పట్టణపు వీధులలో పొగ తగ్గుట గొప్ప మేలే. కాని తగరపువలస పిల్లలు పీల్చని పొగను పరవాడ పిల్లలు పీల్చుటను మేము అభ్యుదయమనజాలము.

మార్గము లేకపోలేదు. అదే సింహాద్రి జలాశయముపై 2021లో 25 మెగావాట్ల సౌరఫలకములను తేలగట్టిరి. రెండువేల ముందర ఇరువదియైదు చిన్నదే. త్రోవ మాత్రము సరియైనది. ఇంటికప్పుపై మూడు కిలోవాట్ల ఫలకములున్న దినమునకు సుమారు పండ్రెండు యూనిట్లు వచ్చును. ఒక ఆటోకు చాలును. కాని సూర్యుడు మధ్యాహ్నమిచ్చును, ఆటో రాత్రి అడుగును. ఈ నడుమ శక్తిని దాచునదెవరు? కొండ దాచును. పగటి విద్యుత్తుతో నీటిని పైజలాశయమునకు తోడి, రాత్రి క్రిందికి వదలుట ఆ ఉపాయము. సీలేరులో 1350 మెగావాట్ల అట్టి పథకమును ఏపీ జెన్‌కో తలపెట్టినది. అయితే 1955లో మాచ్‌ఖండ్ దీపములు వెలిగినప్పుడు ఊళ్లు విడిచి పోయినవారిలో పెక్కురు గిరిజనులు. మైదానపు బండ్ల కొరకు కొండవారిని మరల చీకటిలోనికి త్రోయరాదు. వారి సమ్మతియు, వారికి భాగమును లేని పథకము న్యాయమైనది కాదు.

ఇక బ్యాటరీ మాట. ప్రపంచమున తయారగు లిథియం బ్యాటరీ కణములలో అత్యధికభాగము చైనాలో తయారగుచున్నవి. 2025 ఏప్రిలులో ఆ దేశము అరుదైన మృత్తికల అయస్కాంతముల ఎగుమతిపై ఆంక్షలు పెట్టగా, మన మోటారు కర్మాగారములు కలవరపడినవి. గల్ఫు తలుపు విడిచి చైనా తలుపు తట్టుట స్వాతంత్ర్యమా? విచిత్రమేమన, ఆ మృత్తికలను గర్భమున నుంచుకొన్న మోనజైటు మన భీమునిపట్నపు తీరపు ఇసుకలోనే కలదు. 2023 మేలో విశాఖలో అరుదైన మృత్తికల అయస్కాంత కర్మాగారమొకటి జాతికి అంకితమయ్యెను. అది సమేరియం, కోబాల్టు అయస్కాంతములకు ఉద్దేశింపబడినది. బండ్ల మోటార్లకు ముఖ్యముగా కావలసినది నియోడిమియం. ఆ విద్యయు ఇక్కడ వేళ్లూనవలెను. అట్లని తీరమంతయు త్రవ్వి, జాలరుల పొట్టకొట్టి, ఎర్రమట్టి దిబ్బలను కరగించి తెచ్చు స్వదేశీ మాకు వలదు. పాత బ్యాటరీలను కరగించి వానిలోని లోహములను మరల తీయుట ప్రతి జిల్లాకు ఒక పరిశ్రమ కావలెను.

తుదకు పనివారి మాట. మీ ప్రక్కనున్న చిట్టివలస జనపనారమిల్లు 2009లో మూతపడినప్పుడు, కాలము మారినదని చెప్పినవారు పెక్కుమంది. కార్మికుని కొంపకు వచ్చి ఇక నేమి చేసెదవని అడిగినవారెందరు? రేపు పెట్రోలు ఇంజను పోయిన, షెడ్లలోని మెకానిక్కుల కదియే గతి కారాదు. వారికి మోటారు, బ్యాటరీ పనులు ముందే నేర్పవలెను. ఆటోవానికి తక్కువ వడ్డీ అప్పును, అరిగిన బ్యాటరీ మార్చుకొను పూచీయు ఉండవలెను. రాయితీ మొదట అద్దాలమేడలోని కారుకు గాక వాని ఆటోకు చేరవలెను.

కావున మా సమాధానమిది. ఊరి బండ్ల విషయమున విద్యుత్తు పెట్రోలునకు బదులు కాగలదు. రైలు డీజిలునకు బదులు కాగలదు. లారీకి ఇంకను కాలము పట్టును. కాని బండి మారినంత మాత్రమున బంధము తెగదు. శక్తి మన యెండనుండి, మన నీటినుండి రావలెను; దానిని దాచు పాత్ర మన చేతులతో తయారు కావలెను; దాని ఫలము మొదట శ్రమించువానికి దక్కవలెను. ఈ మూడింటిలో ఏ యొక్కటి లోపించినను, బంకు స్థానమున మరియొక బంకు వెలయును. కప్పము మాత్రము నిలిచియే యుండును. మీ ఓటు నడుగవచ్చువారిని ఈ మూడు ప్రశ్నలును అడుగుడు.