కాన్పుల గదిలో మన ఆడపిల్లలు: పై చదువుల దారి

(ఫిలింనగర్ బస్తీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ కొండల మీద తెలుగు సినిమా కాపురముంటున్నది. ఆ సినిమాల్లో కాన్పు దృశ్యం అందరికీ తెలిసినదే. మూసిన తలుపు, వేడినీళ్లు తెమ్మని మంత్రసాని కేక, ఆపై పసిబిడ్డ ఏడుపు. అంతటితో ఆ స్త్రీ కథలోనుంచి వెళ్లిపోతుంది. ఆమె ఏమి చదివినది, రేపు ఏమి కాగలదు అని ఎవరూ అడుగరు. కొండల దిగువన ఫిలింనగర్, షేక్‌పేట, బోరబండ బస్తీల్లో మన ఇళ్లలోనూ అదే తీరు. అమ్మాయి మూడేళ్ల జీఎన్‌ఎం ముగించి, నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ నర్సింగ్ కౌన్సిల్‌లో నమోదు కాగానే, చదువు పూర్తయిందని మనమే తీర్పు చెప్పివేస్తాము.

ఆ తీర్పు మేమూ చెప్పాము. సుమారు ఎనిమిదేళ్ల క్రితం షూటింగులకు జనరేటర్ వ్యాను నడిపే ఒక సోదరుడు మా ఇంటికి వచ్చాడు. ఆయన కూతురు ఒక ప్రైవేటు ఆసుపత్రి కాన్పుల వార్డులో పనిచేసేది. ఇంకా రెండేళ్లు చదువుతానని ఆమె పట్టు. మంచి సంబంధం వచ్చిందని తండ్రి తొందర. "రిజిస్ట్రేషన్ వచ్చింది, జీతం వస్తోంది, ఇంకేమి చదువు భాయ్, నిఖా చేసెయ్యండి" అన్నాము. ముప్పై ఏళ్లు సర్కారు దఫ్తరులో దస్తాలు చూసినవారమని మా మాటకు విలువ. ఆయన విన్నాడు.

తరువాత ఇద్దరు పిల్లల తల్లిగా ఆమె అదే వార్డుకు, అదే మెట్టుకు తిరిగి వచ్చింది. ఆమెతో చదివిన పిల్ల ఒకరు అప్పటికే కళాశాలలో పాఠాలు చెబుతున్నారు. "చాచా, ఇప్పుడైనా చదువవచ్చునా?" అని ఆమె అడిగిన రోజున మేము తలెత్తలేకపోయాము. ఆ తరువాతే ఈ చదువుల సంగతి పట్టుదలగా తెలుసుకున్నాము. తెలిసినది చెబుతాము.

జీఎన్‌ఎం చేసి కౌన్సిల్‌లో నమోదైనవారికి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ ఉన్నది. దానిపైన రెండేళ్ల ఎమ్మెస్సీ నర్సింగ్. కాన్పుల విద్యలో ముందుకు పోదలచినవారు అందులో ప్రసూతి, స్త్రీ వ్యాధుల నర్సింగ్ విభాగం ఎంచుకోవాలి. ఎమ్మెస్సీకి డిగ్రీలో 55 శాతం మార్కులు, ఒక ఏడాది పని అనుభవం కావాలి. నాలుగేళ్ల బీఎస్సీ చేసినవారికి ఆ ఏడాది చదువు ముగిసిన తరువాతిదై ఉండాలి. పోస్ట్ బేసిక్ చేసినవారికి ముందు చేసిన ఉద్యోగం కూడా చెల్లుతుంది. కనుక వార్డులో గడిచిన కాలం వృథా కాదు, అనుభవ పత్రం చేతిలో ఉంటే చాలు. మన రాష్ట్రంలో ఈ ప్రవేశాలు వరంగల్‌లోని కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తుంది. బోధన వైపు వెళ్లదలచినవారు ఎమ్మెస్సీ లేనిదే అసిస్టెంట్ ప్రొఫెసర్ కాలేరు. ప్రభుత్వ ఆసుపత్రిలోనైతే మొదటి ఉద్యోగం తరువాత పదోన్నతి మెట్లు ఉన్నాయి.

మరొక దారి మన తెలంగాణలోనే తెరుచుకున్నది. 2017లో ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ తోడ్పాటుతో రాష్ట్ర ప్రభుత్వం కరీంనగర్‌లో 30 మంది నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించినది. మరుసటి ఏడాది, 2018లో, కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు వెలువరించినది. చిక్కులు లేని కాన్పును మిడ్‌వైఫ్ తన బాధ్యతగా నడిపించాలి, చిక్కు కనబడితే వెంటనే డాక్టరుకు అప్పగించాలి. ఇదీ ఆ ఏర్పాటు.

దాని అవసరం మన రాష్ట్రానికి ఎంత ఉన్నదో చూడండి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం. దేశ సగటు 21.5. ఆపరేషన్ బిల్లు కట్టలేక నగలు కుదువపెట్టిన ఇళ్లు ఈ సభలోనే ఉన్నాయి. కాన్పు సమయాన పక్కన స్త్రీయే ఉండాలని కోరే తల్లులూ ఇక్కడే ఉన్నారు. తన దాసి రఫతున్నీసా ప్రసవంలో మరణించినదని తల్లడిల్లిన నీలోఫర్ రాకుమారి పూనికతో వచ్చినదే 1953లో తెరిచిన నీలోఫర్ ఆసుపత్రి. అటువంటి నగరంలో మన బిడ్డలు కాన్పుల విద్యలో పై మెట్టు ఎక్కరాదా?

హక్కుల మాట కూడా చెప్పాలి. పరిశోధన చేసే మైనారిటీ విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022-23 నుంచి నిలిపివేసింది. నర్సింగ్‌లో పీహెచ్‌డీ కలగన్న పేదపిల్లకు ఇది దెబ్బ. దానిని తిరిగి అడుగుదాము. ఉన్నవాటిని మాత్రం వదలరాదు. బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉన్నది. 2015లో మొదలైన ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం విదేశాల్లో పీజీ చదువుకు మైనారిటీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తుంది. నర్సింగ్ డిగ్రీవారూ అర్హులే. డిగ్రీలో 60 శాతం మార్కులు ఉండాలి, కుటుంబ వార్షికాదాయం 5 లక్షలు మించరాదు, వయసు 35 దాటరాదు. జీఎన్‌ఎం దగ్గర ఆగినవారికి ఇది అందదు. ఇక్కడ ఒక హెచ్చరిక. బ్రిటన్‌లో నర్సు నమోదు వేరు, మిడ్‌వైఫ్ నమోదు వేరు. మన కౌన్సిల్ పత్రం చూపగానే అక్కడ మిడ్‌వైఫ్ కారు. ఏజెంటు మాట నమ్మి డబ్బు కట్టవద్దు.

ఇంతకూ ఆ అమ్మాయి సంగతి. దరఖాస్తు చేసిన మొదటి ఏడాది సీటు పోయింది. పదవ తరగతి మెమోలో పేరు చివర బేగం, ఆధార్‌లో సుల్తానా, కౌన్సిల్ పత్రంలో షేక్‌కు బదులు రెండు పొడి అక్షరాలు. ముగ్గురు వేర్వేరు మనుషులని ఒక కార్యాలయం తేల్చింది. సవరణ వచ్చేసరికి గడువు ముగిసింది. జీవితమంతా ఇటువంటి కొర్రీలే రాసిన గుమాస్తాలము మేము. అవతలి బల్ల దగ్గర నిలబడితే అవి ఎంత బరువో అప్పుడు తెలిసింది. మరుసటి ఏడాది ఆమెకు సీటు వచ్చింది. ఇప్పుడు పోస్ట్ బేసిక్ రెండవ ఏడాది. పిల్లలను ఆ తండ్రే, జనరేటర్ వ్యాను సోదరుడే, బడికి దింపుతున్నాడు.

పదవ తరగతి మెమోలోని పేరునే ప్రమాణంగా పెట్టుకుని మిగిలినవి దానికి సరిపోయేటట్లు ఇప్పుడే దిద్దించుకోండి. పెళ్లి తరువాత పేరు మార్చే తొందర వద్దు. సభ ముగిశాక మేము ఆ కిటికీ పక్కన బల్ల దగ్గర ఉంటాము. మెమో, ఆధార్, కౌన్సిల్ పత్రం తెచ్చినవారు వరుసగా రండి. తేనివారు రేపు ఆదివారం జొహర్ నమాజు తరువాత మా ఇంటికి రావచ్చును.