చర్మమున దురద – మనస్సున దిగులు
(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగము)



మురుగుకాలువలు, వీధిదీపములు, ఇంటిపన్నులు మీరు తరచు చర్చించు విషయములు. నేడు మేము మీ ముందుంచు విషయము చిన్నదిగా తోచవచ్చును. అది గజ్జి.

ఇటీవల మేమొక గ్రామ పాఠశాలను దర్శించితిమి. కడపటి వరుసలో ఒక బాలుడు ఒంటరిగా, చేతులు దాచుకొని కూర్చుండెను. వ్రేళ్ల సందుల గజ్జి. తోటివారు ప్రక్కన కూర్చుండుటకు ఒప్పుకొనరట. రాత్రి నిద్ర లేదు, పగలు పాఠము తలకెక్కదు. ఆ బాలుని బాధించునది దురద యొక్కటియేనా?

గజ్జి పాపఫలము కాదు. కంటికి కనబడీ కనబడని పురుగు చర్మమును తొలిచి గ్రుడ్లు పెట్టుటచే కలుగును. శరీరములు ఎక్కువసేపు తాకుటచే అంటుకొనును. శుభ్రముగా నుండువారికిని రావచ్చును. తొలిసారి సోకినవారికి దురద పుట్టుటకు 4 నుండి 6 వారములు పట్టవచ్చును. ఆలోపల వారెరుగకయే ఇతరులకు అంటింతురు. గోకిన పుండ్లు చీము పట్టినచో కొందరికి మూత్రపిండములు సైతము చెడును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీనిని నిర్లక్ష్యమునకు గురియైన ఉష్ణమండల వ్యాధులలో చేర్చినది.

నిద్రలేమి విసుగును పుట్టించును. విసుగు ఇంట కలహమగును. నలుగురిలో గోకికొనుటకు సిగ్గుపడి రోగి పెండ్లిండ్లకు, సభలకు పోవుట మానును, వ్యాధిని దాచును. దాచిన వ్యాధి మరింత వ్యాపించును.

చికిత్స సులభము. వైద్యుని సలహాపై 5 శాతము పెర్మెత్రిన్ లేపనమును రాత్రి మెడ నుండి అరికాళ్ల వరకు పూసికొని, ఉదయము స్నానము చేయవలెను. సుమారు వారము పిదప మరల పూయవలెను. దురద లేనివారితో సహా ఇంటిల్లిపాదియు ఒకే రాత్రి పూసికొనుట ముఖ్యము. బట్టలు, దుప్పట్లు వేడినీట ఉతికి ఎండవేయవలెను. పసిపిల్లలు, గర్భిణుల విషయమున వైద్యుని ప్రత్యేకముగా అడుగవలెను. పురుగు చచ్చినను దురద కొన్ని వారములుండవచ్చును; భయపడి మాటిమాటికి మందు పూయరాదు.

ఒక యింట నయమై ప్రక్కయింట మిగిలినచో వ్యాధి తిరిగి వచ్చును. కావున ఆశా కార్యకర్తతోను, ప్రాథమిక ఆరోగ్య కేంద్రముతోను సంప్రదించి, వాడవాడకు ఒక దినము నిర్ణయింపుడు. స్నానమునకు నీరు చాలుచున్నదో లేదో చూడుడు. ఉపాధ్యాయులతో మాటలాడుడు.

మందు వైద్యుడిచ్చును, ఆ బాలునికి ప్రక్కన చోటు ఈయవలసినవారము మనమే.