సైనికుడికి ఇచ్చిన ఐదెకరాలు

(సాయుధ దళాల పతాక దినమైన 2024 డిసెంబరు 7న ఆత్మకూరులో రైతులు, మాజీ సైనికుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



1949 నుంచి ఏటా ఈ రోజున పతాక దినం జరుపుతున్నారు. పిల్లలు డబ్బాలు పట్టుకుని వస్తారు, మనం పదో ఇరవయ్యో వేస్తాం, చొక్కాకి జెండా గుచ్చుకుంటాం. మంచిదే. కానీ సైన్యం నుంచి వచ్చి మన మధ్యే సేద్యం చేసిన మనిషికి మనం ఏం చేశామని ఈ రోజైనా అడుక్కోవాలి. అందుకే మొన్న కాలం చేసిన మన సంఘం పెద్దాయన గురించి నాలుగు మాటలు చెబుతాం. పొలం వ్యవహారం ఇంకా తేలలేదు, పేరు బయటపెట్టవద్దని ఆయన కొడుకు కోరాడు. పేరు లేకపోయినా ఇక్కడున్న సగం మందికి ఆయనెవరో తెలుసు. తెలియనివాళ్ళకు వాళ్ళ ఊళ్ళోనే అట్టాంటి మనిషి ఒకరు గుర్తొస్తారు.

1962లో చైనాతో యుద్ధం అయ్యాక సైన్యంలోకి జోరుగా మనుషుల్ని తీసుకున్నారు. మన మెట్టలో వరసగా వానలు లేని రోజులు. ఈయన బెంగళూరు పోయి మద్రాస్ సాపర్స్‌లో చేరాడు. వంతెనలు కట్టడం, దారులు వేయడం, మందుపాతరలు తీయడం వాళ్ళ పని. 1965 యుద్ధం చూశాడు, 1971 యుద్ధం చూశాడు. ఎప్పుడైనా మేం అడిగితే, "ముందు మేం పోయి దారి చేస్తేనే గదప్పా తక్కినోళ్ళు వచ్చేది" అని ఊరుకునేవాడు. అంతకుమించి చెప్పేవాడు కాదు.

తిరిగొచ్చాక మాజీ సైనికుడి కింద ఐదెకరాల మెట్టకు డికెటి పట్టా ఇచ్చారు. కాగితం మీద ఐదెకరాలు. పోయి చూస్తే కొండ వాలు, రాళ్ళు, కంప. అప్పటికి దాన్ని దున్నిన మనిషి లేడు. ఊళ్ళో నవ్వారు. ఆయన, ఆయన భార్య గడ్డపార, పార, తట్ట పట్టుకుని దిగారు. తీసిన రాయిని పారేయలేదు. వాలుకు అడ్డంగా వరసలు పేర్చి గట్టు కట్టారు. వానకు కొట్టుకొచ్చే మట్టి ఆ గట్టు కాడ ఆగింది. మొదటేడు జొన్న, తర్వాత నువ్వులు, కంది. నాలుగైదేళ్ళకు మనిషి నిలబడే చేను అయింది. నవ్వినోళ్ళే చుట్టుపక్కల బీళ్ళు బాగుచేసుకోవడానికి ఆయన్ని పిలిచి గట్లు ఎట్టా వేయాలో చూపించుకున్నారు. మా నాయన కూడా వాళ్ళలో ఒకడు. ఆ గట్టు మీదే ఇప్పటికీ మేం నడుస్తున్నాం.

నేల ఉంటే సరిపోదు, నీళ్ళు కావాలి. మన ఉదయగిరికి ఈ సంగతి కొత్త కాదు. 1369లో ఉదయగిరి నుంచి ఏలిన భాస్కర భవదూరుడు కడప జిల్లా పోరుమామిళ్ళలో పెద్ద చెరువు కట్టించి, చెరువు ఎట్టా కట్టాలో, ఏ లోపాలు ఉండకూడదో రాతి మీద చెక్కించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని ఆ శాసనంలో ఉంది. మరి ఇప్పుడో? 78 టీఎంసీల సోమశిల మన ఆత్మకూరు పక్కనే ఉంది. నీళ్ళు పల్లానికి పోతాయి, డెల్టా కయ్యలు తడుస్తాయి, మిట్టన ఉన్న మనం చూస్తూ కూర్చున్నాం. హైలెవల్ కాలువ పని పూర్తి కాలేదు. వెలిగొండకు 1996లో శంకుస్థాపన చేశారు. రెండు సొరంగాలూ తవ్వారు, 2024 మార్చిలో జాతికి అంకితం అన్నారు. మన చేలోకి చుక్క రాలేదు.

పెద్దాయన కూడా అందరి మాదిరే బోరు వేశాడు, బత్తాయి పెట్టాడు. కొన్నేళ్ళు కాపు బాగా వచ్చింది. తర్వాత బోరు అడుగంటింది. ఇంకో బోరు, ఇంకో అప్పు. చివరికి చెట్లు కొట్టించి పొయ్యిలోకి అమ్ముకున్నాడు. ఆ రోజు మేం పక్కనే ఉన్నాం. యుద్ధం సంగతి చెప్పేటప్పుడు కూడా ఆయన కళ్ళు తడవడం మేం చూడలేదు. ఆ రోజు చూశాం.

భార్యకు జబ్బు చేసినప్పుడు ఎకరం అమ్ముదామని పోతే రిజిస్ట్రేషన్ కాదన్నారు. 22-ఏ నిషేధిత జాబితాలో ఉందన్నారు. ఒక ఆఫీసులో ఇంకో ఆఫీసుకు పొమ్మన్నారు, అక్కడ మళ్ళీ మొదటి ఆఫీసుకే పొమ్మన్నారు. ఆ తల్లి పోయింది. ఫైలు కదల్లేదు. రెండేళ్ళకు ఈయనా పోయాడు.

ఇందులో చట్టం ఏం చెబుతుందో అందరూ తెలుసుకోవాలి. అసైన్డ్ భూమిని అమ్మకూడదని 1977లో చట్టం తెచ్చారు. అది పేదవాడి నేల పెద్దోడి చేతికి పోకుండా తెచ్చిన చట్టం. దాన్ని మన సంఘం ఎప్పుడూ సమర్థించింది, ఇప్పుడూ సమర్థిస్తుంది. కానీ మాజీ సైనికులకు ఇచ్చిన భూమి వేరు. పదేళ్ళు దాటాక అమ్ముకోవచ్చని 1993 నవంబరు 11న రెవెన్యూ శాఖ జీవో 1117 ఇచ్చింది. నిషేధిత జాబితాలో పెట్టే ప్రతి భూమినీ ఏ క్లాజు కింద పెట్టారో చూపాలని 2015 డిసెంబరులో హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. పదేళ్ళు కాదు, నలభై ఏళ్ళు దాటిన పట్టాను మిగతావాటితో కలిపి గంపగుత్తగా జాబితాలో పడేస్తే ఎట్టా?

కాబట్టి ఇంటికి పోగానే మూడు పనులు చేయండి. ఒకటి, పట్టా తీసి చూడండి. మాజీ సైనికుడి కోటాలో ఇచ్చినట్టు అందులో ఉందా, భూమిలేని పేదల కింద ఇచ్చారా? మాజీ సైనికుడే అయినా పేదల కింద ఇచ్చిన పట్టాకు ఈ జీవో వర్తించదు. రెండు, డిశ్చార్జి బుక్కు, పట్టా, అడంగల్, 1-బి నకళ్ళు ఒకచోట పెట్టండి. పట్టా పోతే పోయిందని ఊరుకోవద్దు, తహసీల్దారు కార్యాలయంలో అసైన్‌మెంటు రిజిస్టరు నకలుకు సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి. మూడు, నిరభ్యంతర పత్రానికి నోటిమాటగా అడగొద్దు. రాసివ్వండి, రసీదు తీసుకోండి. రాయడం రానివాళ్ళకు సంఘం ఆఫీసులో మేం రాసిస్తాం, పైసా అక్కర్లేదు.

ఇంకో మాట. హక్కు వచ్చింది గదా అని అమ్ముకోమని మేం చెప్పడం లేదు. పెద్దాయన కొడుకు కూడా అమ్మనంటున్నాడు. "మా నాయన తీసిన రాళ్ళు ఆడనే ఉండాయి, నేనేడికి పోతా?" అన్నాడు. అతను అడిగేది ఒక్కటే, ఆ ఐదెకరాలు తనవని కాగితం చెప్పాలి. బ్యాంకు అప్పివ్వాలి, ఆపద వస్తే ఎకరం అమ్ముకునే వీలుండాలి.

దేశం కోసం ముందు పోయి దారి చేసిన మనిషికి ఆయన బతికుండగా ఆఫీసుల్లో దారి దొరకలేదు. ఆ తప్పులో మన పాలూ ఉంది. ఆయన ఒక్కడే తిరుగుతుంటే మనం వెంట పోలేదు. ఈసారి ఆయన కొడుకు అర్జీ పట్టుకుని పోయే రోజున మనమంతా వెంట పోదాం. తేదీ సంఘం చెబుతుంది. రండి.