పూజ్యమన్న మాటకు జవాబు

 

ఇంజనీరుకు తత్వశాస్త్రం ఎందుకని నవ్వకండి. స్టోయిక్కులు అనే పేరే ఒక వసారా నుంచి పుట్టింది. గ్రీకులో స్టోవా అంటే స్తంభాల వసారా. సుమారు 2300 ఏళ్ల కింద ఏథెన్స్‌లో అలాంటి చోట జీనో పాఠం చెప్పాడు. వివేకం, ధైర్యం, న్యాయం, నిగ్రహం ఉంటే చాలు, అవి ఎవరి నిందతోనూ తరగవు అన్నది వాళ్ల మాట. బానిసగా పుట్టిన ఎపిక్టెటస్ అదే చెప్పాడు. రోమ్ చక్రవర్తి మార్కస్ అరీలియస్ అయితే తన ఆలోచన తప్పని ఎవరైనా చూపిస్తే సంతోషంగా మార్చుకుంటానని రాసుకున్నాడు.

అంత దూరం ఎందుకు, మన గద్వాల వైపు ఇటికాలపాడు వారైన సురవరం ప్రతాపరెడ్డి గారిని చూడండి. 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. తెలంగాణలో తెలుగు కవులు పూజ్యమని ఒక పండితుడు రాశారు. పూజ్యమంటే సున్నా, పిల్లల కోసం చెబుతున్నా. దానికి జవాబుగా 1934లో గోలకొండ కవుల సంచిక వచ్చింది. ఊరూరి నుంచి పద్యాలు, వివరాలు తెప్పించి 354 మంది కవులను అచ్చులో చూపించారు.

అడిగిన రోజున ఎందరి పేర్లు వస్తాయో ఆయనకూ తెలియదు. పదే వచ్చి ఉంటే విమర్శించినవారి మాటే నిలిచేది. మా వృత్తిలో గీసినవాడే డ్రాయింగు సరిచూసి సంతకం పెట్టకూడదు, ఇంకొకరు చూడాలి. కాగితం మీద దొరికిన తప్పు స్లాబు వేశాక దొరికిన దానికంటే చాలా చౌక.

స్టోయిక్కులతో నాకు ఒక పేచీ ఉంది. ఎవరేమన్నా చలించవద్దంటారు. ఆ మాట ప్రతాపరెడ్డి గారిని కదిలించకపోతే సంచిక వచ్చేదా?

భాష సంగతి సరే, దేవుడి దగ్గరికొస్తే మనకు ఓపిక ఉండదు. ఆయన అక్కడా వెనుకాడలేదు. ‘హిందువుల పండుగలు’, ‘రామాయణ విశేషాలు’ రాసి, తాను పెరిగిన సంప్రదాయాన్నే పరిశీలనకు పెట్టారు. అలాంటి మనిషిని 1952లో వనపర్తి ఓటర్లు హైదరాబాద్ శాసనసభకు గెలిపించి పంపారు.

మన బ్యాచ్‌లో ఇద్దరు ఇలాంటి విషయం మీదే మాటామాటా పెరిగి మూడేళ్లుగా పలకరించుకోవడం లేదు. ఇద్దరూ ఈ పందిట్లోనే ఉన్నారు. ఒకే బంతిలో పక్కపక్కన విస్తర్లు వేయమని వడ్డించేవాళ్లకు చెప్పి వచ్చాను. ఇక భోజనాలకు లేద్దాం.